విడిపోయిన స్నేహాల గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి

బాగ్దాదులోనూ, కాసాబ్లాంకాలోనూ, అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లోనూ, మన కొచ్చి, కలకత్తాల్లోనూ తరతరాలుగా ఒకే వీధిలో బతికిన యూదులూ ముస్లింలూ ఉండేవారు. ఇరవయ్యో శతాబ్దం నడుమ యూదులు ఊళ్లు విడిచి వెళ్లిపోయాక వారి స్నేహాలు ఏమయ్యాయన్నది మనకు దూరపు సంగతిలా కనిపించవచ్చు. విశాఖపట్నంలో కొన్నేళ్లుగా పదీ పన్నెండు మందిని ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఈ విషయం మీద మాట్లాడిస్తున్నాను. తమ వీధిలోనో, తమ కళాశాలలోనో ఇలాంటి కూడిక ఒకటి పెట్టుకోవాలనుకునే వారికి పనికివస్తుందని, నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా వల్ల జరిగిన పొరపాటు చెప్పాలి. మొదటి కూడికకు నేను పెట్టిన అంశం ‘యూదులు, ముస్లింలు: స్నేహమా, శత్రుత్వమా’. అరగంట గడవక ముందే మాట గాజా మీదికి మళ్లింది. గదిలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం యువకుడి వైపు అందరూ తిరిగి, ప్రపంచంలోని ముస్లింలందరి తరఫునా అతడే జవాబు చెప్పాలన్నట్టు చూశారు. అతడు మర్యాదగా టీ తాగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత నేను వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను గాని, జరిగిన నష్టం జరిగిపోయింది. తప్పు వచ్చినవారిది కాదు, ప్రశ్నది. స్నేహమా శత్రుత్వమా అని అడిగితే ఎవరైనా ఒక పక్షానికి చేరవలసిందే. అలా అడగకూడదని, ఎలా అడగాలో ముందే ఆలోచించుకోవాలని ఆనాడే తెలిసింది.

ఒక్క ఊరినే ఎంచుకోండి

ఒక సాయంత్రానికి ఒకే ఊరు చాలు. యూదులు అన్ని చోట్లా ఒకే కారణంతో వెళ్లలేదు, ఒకే ఏడాది వెళ్లలేదు, ఒకే దేశానికీ వెళ్లలేదు. ఇరాక్ యూదుల్లో అత్యధికులు 1950, 1951 సంవత్సరాల్లో విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. అల్జీరియా యూదులు లక్షకు పైగా 1962లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సమయాన ప్రధానంగా ఫ్రాన్స్ వెళ్లారు. మొరాకోలో 1948 నాటికి దాదాపు 2.5 లక్షల మంది ఉండగా, వారి ప్రయాణం విడతలు విడతలుగా ఇరవై ఏళ్లకు పైగా సాగింది. కొచ్చిలో మాత్రం ఇరుగుపొరుగు తరిమింది లేదు, ప్రభుత్వం పొమ్మన్నదీ లేదు. అయినా 1950లలో అక్కడి యూదుల్లో అత్యధికులు వెళ్లిపోయారు. వీటన్నింటినీ ఒకే గంపలో వేస్తే, వచ్చినవారు ఏ ఒక్క స్నేహాన్నీ చూడలేక, మతాల గురించి మాత్రమే మాట్లాడతారు. మీకు ఏ ఊరి గురించి రెండు గంటలు చెప్పగలిగినంత తెలుసో ఆ ఊరినే తీసుకోండి. మొదటిసారికి నా సలహా బాగ్దాదు.

మన వలసతో మొదలుపెట్టండి

బాగ్దాదు పేరెత్తే ముందు బర్మా క్యాంపు గురించి మాట్లాడించండి. కంచరపాలెం వైపు ఉన్న ఆ పేట పేరు ఎందుకు వచ్చిందో నగరంలో పెరిగిన పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. విశాఖ, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూను రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లిన మనవాళ్లను అక్కడివారు కోరంగీలు అని పిలిచేవారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు కొందరు, 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసి, 1964లో 50, 100 క్యాట్‌ల నోట్లను రద్దు చేసినప్పుడు మరికొందరు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. ఆ కుటుంబాల పెద్దలు ఒక్కరైనా మీ కూడికకు రాగలిగితే, నేను ఇక్కడ రాసిన సగం సూచనలతో మీకు పని ఉండదు.

రంగూనును తలచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఆ నగరంలో 26వ వీధిలో, ముస్లిం వర్తకుల దుకాణాల మధ్య, బాగ్దాదు నుంచి వచ్చి స్థిరపడిన యూదులు 1890లలో కట్టుకున్న ప్రార్థనాలయం నేటికీ నిలిచి ఉంది. 1942లో వారిలో ఎక్కువమంది కలకత్తా దారి పట్టారు. అదే ఏడాది, అదే భయంతో మన కోరంగీలూ బయలుదేరారు. ఏప్రిల్‌లో విశాఖ మీద కూడా బాంబులు పడి పట్నం పట్నమే పల్లెలకు తరలిపోయింది. ఇది విన్నాక, ఊరు విడవడమంటే ఏమిటో గదిలో ఎవరికీ వివరించవలసిన పని ఉండదు.

వచ్చిన పెద్దలను మీరు ఎంత బాధపడ్డారు అని అడగవద్దు. దానికి అందరి జవాబూ ఒక్కటే. తాళం చెవి ఎవరికి ఇచ్చారు, కుండలో ఉన్న బియ్యం ఎవరికి పోశారు, పక్కింటి వారికి వెళుతున్నామని చెప్పగలిగారా, తిరిగొచ్చాక మొదటి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చింది అని అడగండి. ఈ ప్రశ్నలనే కొంచెం సవరించి ఆ తర్వాత బాగ్దాదుకు తీసుకువెళతాం.

కాగితం, ఇల్లు, కబురు

నా అనుభవంలో స్నేహాలు ఎక్కడ తెగాయో తెలుసుకోవడానికి మూడింటి గురించి అడిగితే చాలు. మనుషుల మనసుల గురించి ఆ తర్వాత వారే చెబుతారు.

మొదటిది కాగితం, అంటే ఎవరు ఏ దేశపు పౌరులని ప్రభుత్వం రాసింది అన్నది. అల్జీరియాను పాలిస్తున్న ఫ్రాన్స్ 1870 అక్టోబరులో ఒక శాసనం చేసి, అక్కడి యూదులు దాదాపు 35,000 మందికి ఒక్కసారిగా ఫ్రెంచి పౌరసత్వం ఇచ్చింది. పక్కింటి ముస్లింలకు ఇవ్వలేదు. నిన్నటి దాకా ఒకే అరబీలో మాట్లాడుకుని, ఒకే సంతలో కొనుక్కున్న ఇద్దరిలో ఒకరి కొడుకు ఫ్రెంచి బడికి, ఫ్రెంచి కొలువుకు వెళ్లగా రెండవవారి కొడుకు వెళ్లలేకపోయాడు. 1940లో ఫ్రాన్స్‌లోని నాజీ జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం ఆ పౌరసత్వాన్ని లాగేసుకుంది, 1943లో మళ్లీ ఇచ్చారు. 1962లో ఓడ ఎక్కవలసిన వారెవరు, ఆగవలసిన వారెవరు అన్నది దాదాపు తొంభై ఏళ్ల క్రితం రాసిన ఆ కాగితమే చాలావరకు నిర్ణయించింది. ఇద్దరు స్నేహితుల్లో ఎవరూ ఎవరికీ ఏ అపకారమూ చేయకుండానే వారి మధ్య గోడ లేచింది. ఈ సంగతిని నిదానంగా చెప్పండి, ఎందుకంటే వలస పాలకుల చట్టం ఇరుగుపొరుగుల మధ్యకు ఎలా వస్తుందో మన దేశంలో పుట్టిన వారికి తేలిగ్గా అర్థమవుతుంది.

ఇరాక్‌లో కాగితం మరో విధంగా పనిచేసింది. 1950 మార్చిలో చేసిన చట్టం ప్రకారం యూదులు దేశం విడిచి వెళ్లవచ్చు గాని, ఇరాక్ పౌరసత్వాన్ని శాశ్వతంగా వదులుకుంటున్నామని సంతకం చేయాలి. కొద్దిమందే సంతకం పెడతారని పాలకులు అనుకోగా, 1951 మధ్య నాటికి దాదాపు 1,20,000 మంది వెళ్లిపోయారు. అంతకు ముందు ఏం జరిగిందో కూడా చెప్పి తీరాలి. 1941 జూన్ 1, 2 తేదీల్లో బాగ్దాదులో జరిగిన దాడుల్లో దాదాపు 180 మంది యూదులు చనిపోయారు. ఆ రెండు రోజుల్లోనే ఎందరో ముస్లింలు పొరుగు యూదులను తమ ఇళ్లలో దాచి కాపాడారు. ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కదాన్నీ రెండవది లేకుండా చెప్పవద్దు. మొదటిది మాత్రమే చెప్పేవారు ఆ ఊరిలో స్నేహమే లేదంటారు, రెండవది మాత్రమే చెప్పేవారు భయమే లేదంటారు. నేను చదివినంతలో రెండూ అబద్ధమే.

రెండవది ఇల్లు. చాలామంది మాట్లాడడానికి ఇష్టపడనిదీ, అతి లోతుగా మెలిపెట్టేదీ ఇదే. ఇరాక్ విడిచి వెళ్లే పెద్దవారు తమ వెంట 50 దీనార్లు, ఒక పెట్టె సామాను మాత్రమే తీసుకుపోవచ్చు. 1951 మార్చిలో, సంతకం చేసిన వారి ఆస్తులన్నింటినీ ప్రభుత్వం స్తంభింపజేసింది. అంతకు ముందు నెలల్లో వేలాది కుటుంబాలు ఒకేసారి తివాసీలు, మంచాలు, ఇత్తడి సామాను అమ్మకానికి పెట్టాయి. అందరూ అమ్మేవారే అయినప్పుడు ధర పడిపోక తప్పదు. అప్పుడు స్నేహితుడి ఇంటిని నాలుగో వంతు ధరకు కొన్న పొరుగువాడిని ఏమనాలి? ఆ సమయంలో ఎంతో కొంత చేతిలో పెట్టాడు గనుక ఆదుకున్నవాడు అనాలా, లాభపడ్డవాడు అనాలా? కొన్నవాడి పిల్లలు ఒకలా చెప్పుకుంటారు, అమ్మినవాడి పిల్లలు మరొకలా చెప్పుకుంటారు. ఈ ప్రశ్న దగ్గర తొందరపడి తీర్పు చెప్పనివ్వకండి. నేనైతే ఇక్కడ పది నిమిషాలు ఎవరినీ మాట్లాడవద్దని, తమ ఊళ్లో తమకు తెలిసిన ఇలాంటి కొనుగోలు ఒకటి కాగితం మీద రాయమని అడుగుతాను. ప్రాజెక్టుల కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలు మన ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి కనుక, ఆ కాగితం ఎవరికీ ఖాళీగా మిగలదు.

మూడవది కబురు. మొరాకోకు 1956లో స్వాతంత్ర్యం వచ్చాక, కొన్నేళ్లపాటు యూదులు ఇజ్రాయెల్‌కు వలస వెళ్లడం నిషిద్ధంగా ఉండింది. వెళ్లదలచిన వారు రాత్రిళ్లు, రహస్యంగా, చిన్న పడవల్లో వెళ్లేవారు. 1961 జనవరిలో అలాంటి ఓడ ఒకటి మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతనే వలసకు దారి ఇచ్చారు. రహస్యంగా వెళ్లేవాడు స్నేహితుడికి చెప్పి వెళ్లలేడు. చెబితే ఆ స్నేహితుడికీ ప్రమాదమే. తెల్లవారి చూసిన పొరుగువాడికి మాత్రం తాళం వేసిన తలుపు కనిపించింది. నమ్మలేదు గనుకనే చెప్పలేదని అతడు అనుకుంటే, కాపాడాలని చెప్పలేదని వెళ్లినవాడు అనుకున్నాడు. ఈ అపార్థాన్ని సరిదిద్దుకోవడానికి వారికి దారి లేదు, ఎందుకంటే ఇజ్రాయెల్‌కూ చాలా అరబ్బు దేశాలకూ మధ్య ఉత్తరాలు నేరుగా నడిచేవి కావు. ఉత్తరం ఏ మూడో దేశంలోని బంధువు చేతి మీదుగానో వెళ్లాలి.

మొరాకో యూదులకూ వారి పొరుగువారికీ మధ్య నడిచిన ఒక ఆచారాన్ని ఇక్కడే చెబితే బాగుంటుంది. యూదుల పస్కా పండుగ ఎనిమిది రోజులూ పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు. పండుగ ముగిసిన సాయంత్రం, మిమూనా అని పిలిచే వేడుకకు, పొరుగు ముస్లింలు పిండి, పాలు, వెన్న, తేనె తెచ్చి ఇచ్చేవారు. ఆ ఏటి తొలి రొట్టె ఆ పిండితోనే అయ్యేది. సంక్రాంతికి మనం ఇచ్చిన అరిసెల గిన్నెలో రంజాన్‌కు షీర్ ఖుర్మా పోసి పంపే ఇళ్లు వన్‌టౌన్‌లో ఉన్నాయి గనుక, ఇది మన వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. పొరుగు ఇల్లు ఖాళీ అయిన మరుసటి ఏడు ఆ సాయంత్రం పిండి పట్టుకెళ్లే ఇల్లు లేకపోయింది. ఈ ఆచారం మరిచిపోకూడదని 2007లో మొరాకోలోని ఇఫ్రాన్ విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులే మిమూనా పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు.

మాటల విషయంలో జాగ్రత్త

యూదు అనే మాటనూ ఇజ్రాయెలీ అనే మాటనూ ఒకదాని బదులు ఒకటి వాడవద్దు. ముస్లిం, అరబ్బు అనే మాటలకూ ఇదే వర్తిస్తుంది. బాగ్దాదు యూదుడి ఇంటి భాష అరబీ. అతడు ఇజ్రాయెల్‌లో దిగాక డేరాల శిబిరాల్లో ఉండవలసి వచ్చింది, ఆ కొత్త దేశంలో అతడి భాష శత్రువుల భాషగా వినబడింది. బస్సులో తల్లి అరబీలో మాట్లాడితే సిగ్గుపడిన పిల్లలు పాత ఊరి స్నేహితుడికి ఉత్తరం ఎలా రాయగలరు? స్నేహం విడిచిన ఊళ్లోనే కాదు, చేరిన ఊళ్లో కూడా తెగింది. ‘వెళ్లిపోయారు’, ‘వెళ్లగొట్టారు’ అనే రెండు మాటల్లో ఏది సరైనదో కూడా ఊరిని బట్టి, ఒక్కోసారి ఇంటిని బట్టి మారుతుంది. మన కాందిశీకులు అనే మాటలో భయంతో పారిపోయి వచ్చినవారు అనే అర్థం ఉంది. అది రంగూనుకు సరిపోయినంతగా కొచ్చికి సరిపోదు.

గాజా మాట రాకుండా ఉండదు, రావద్దని ఆపనూ కూడదు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన 1948 యుద్ధంలో 7,00,000 మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోయారు. అరబ్బు దేశాల్లో యూదుల మీద అనుమానం పెరగడానికి ఆ యుద్ధం పెద్ద కారణం. కనుక ఆ సంగతి మొదటి గంటలోనే మీరే చెప్పండి, ఎవరో అడిగితే ఒప్పుకున్నట్టు ఉండకూడదు. అయితే, పాలస్తీనీయుల ఇళ్లు పోయాయి కాబట్టి యూదుల ఇళ్లు పోవడం లెక్కకు లెక్క సరిపోయిందని ఎవరైనా అంటే, ఒక్క ప్రశ్న అడగండి: బాగ్దాదులో కుట్టుమిషను తొక్కుకునే యూదుడు పాలస్తీనా రేవుపట్నమైన హైఫాలో ఎవరి ఇల్లు తీసుకున్నాడు? హైఫాలో ఇల్లు పోయిన వ్యక్తి బాగ్దాదులో ఎవరిని తరిమాడు? ఈ ప్రశ్న తర్వాత మా గదిలో గొంతులు తగ్గాయి. గదిలోని ముస్లింలను ఇరాక్ తరఫున గాని, మరే దేశం తరఫున గాని మాట్లాడమని అడగవద్దు. విశాఖలో యూదు శ్రోత దొరకడం అరుదు కనుక, వారి మాట వినిపించే జ్ఞాపకం ఒకటి ముందే చదివి, తెలుగులో చెప్పడానికి సిద్ధంగా ఉంచుకోండి.

పాట ముందు, మాట తర్వాత

వచ్చినవారు కుర్చీల్లో సర్దుకుంటుండగా పాట వినిపించండి. 1932లో కైరోలో జరిగిన అరబ్బు సంగీత మహాసభకు ఇరాక్ పంపిన బృందంలో గాయకుడు మహమ్మద్ అల్ కుబ్బాంజీ ముస్లిం కాగా, వాద్యకారుల్లో అత్యధికులు యూదులు. బాగ్దాదు రేడియో వాద్యబృందాన్ని తీర్చిదిద్దిన సాలిహ్, దావూద్ అల్ కువైతీ అన్నదమ్ములు 1951లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. యూదు గాయని సలీమా మురాద్ మాత్రం ముస్లిం గాయకుడు నాజిమ్ అల్ గజాలీని పెళ్లాడి బాగ్దాదులోనే ఉండిపోయింది. ఆ స్వరాలు వింటూ ఎవరు యూదులో, ఎవరు ముస్లింలో చెప్పమని అడగండి. ఎవరూ చెప్పలేరు. అల్జీరియాను ఎంచుకున్నవారు కాన్‌స్టాంటీన్ మాలూఫ్ అనే సంప్రదాయ సంగీత గాయకుడు షేక్ రేమాన్‌ను వినిపించవచ్చు. ముస్లిం గురువుల వద్ద నేర్చుకున్న ఆ యూదు విద్వాంసుణ్ని 1961 జూన్ 22న సంతలో కాల్చి చంపారు. ఆ హత్య తర్వాత చాలా కుటుంబాలు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాయి. అదే అల్జీరియాలో ఎల్ అంకా అనే గురువు దగ్గర చాబీ అనే జనరంజక సంగీతం నేర్చుకుని 1962లో విడిపోయిన ముస్లిం, యూదు శిష్యులు 2007లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో ఒకే వేదిక మీద కూర్చుని వాయించారు. ఈ రెండు సంగతులనూ ఒకే సాయంత్రం వినిపించండి.

ఉండిపోయిన వారి దగ్గరికి

పుస్తకాలతో తృప్తి పడని వారిని కలకత్తా తీసుకువెళ్లండి. రాత్రి రైలెక్కితే మర్నాటికి హౌరాలో దిగవచ్చు. కానింగ్ స్ట్రీట్ మలుపులో 1884 నాటి మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయాన్ని తరాలుగా చూసుకుంటున్నవారు ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాల వారు. నగరంలోని యూదు బాలికల పాఠశాలలో నేడు చదివే ఆడపిల్లల్లో అత్యధికులు ముస్లింలే. వెళ్లిపోయినవారి వైపు నుంచి మాత్రమే కథ వినే అలవాటు ఉన్న మనకు, మిగిలినవారు ఏం మోస్తున్నారో అక్కడ కళ్లకు కనబడుతుంది.

కొచ్చి సంగతి నాకు మరీ ఇష్టమైనది. అక్కడి యూదుల పేట మట్టాంచేరిలో చాలామంది వెళ్లిపోయాక మిగిలిన సారా కోహెన్‌కు 1980లలో ఒక ముస్లిం కుర్రవాడు పరిచయమయ్యాడు. వీధిలో పోస్టుకార్డులు అమ్ముకునేవాడు. ఆమె అతడికి యూదుల టోపీల మీద, రొట్టె మీద కప్పే గుడ్డల మీద వేసే అల్లికపని నేర్పింది, అతడు ఆమె ముసలితనంలో కొడుకులా చూసుకున్నాడు. 2019లో ఆమె 96వ ఏట మరణించాక కూడా ఆమె అల్లికపని దుకాణాన్ని అతడే నడిపాడు. ఇది తెగిన స్నేహం కాదు, వలస తర్వాత పుట్టిన స్నేహం. అందుకే దీన్ని చివరికి ఉంచుకోండి. మొదటే చెబితే మిగతా కథలన్నీ తేలికైపోతాయి.

పెద్దలూ పిల్లలూ పక్కపక్కనే

కూర్చోబెట్టే తీరు మీద నేను పట్టుబడతాను. దక్షిణ మొరాకో గ్రామాల్లో పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త ఔమర్ బూమ్ ఒక విషయం గమనించారు: యూదులతో కలిసి బతికిన ముత్తాతలూ తాతలూ వారిని గౌరవంతో తలచుకుంటుంటే, ఒక్క యూదుడినైనా చూడని మనవలు కోపంతో మాట్లాడుతున్నారు. యువకులకు తెలిసింది టీవీలో కనిపించే యుద్ధమే. అందువల్ల అరవై దాటిన వారిని ఒక వరుసలో, విద్యార్థులను మరో వరుసలో కూర్చోనివ్వకండి. జ్ఞానాపురం తాతగారి పక్కన ఇంజనీరింగ్ అమ్మాయిని, దర్గా కొండ కింద పుట్టిన ఖాలా పక్కన మద్దిలపాలెం కుర్రాడిని కూర్చోబెట్టి, తాళం చెవి ప్రశ్న ముందు పెద్దవారిని చిన్నవారే అడిగేలా చూడండి. సమాధానాన్ని రాసుకునే పని కూడా చిన్నవారికే ఇవ్వండి.

రాసిన ఆ పేజీని వారం తిరగకుండా, చెప్పినవారి ఇంటికే పట్టుకెళ్లి గట్టిగా చదివి వినిపించమనండి. ఫోటో తీసి ఎవరికీ పంపవద్దని, చెప్పినవారు తీసేయమన్న వాక్యాన్ని వారి కళ్ల ముందే కొట్టేయమని ముందుగానే చెప్పి పంపండి.